కాలేజీ అవుట్‌ఫీల్డర్ ప్రొఫెషనల్ ఎలా అవుతాడు: తల్లిదండ్రుల కోసం

ఈ వ్యాసం చదివేది ఆడే అబ్బాయి కాదని నాకు తెలుసు. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో పెరిగి, తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాని పిల్లాడు కాలేజీ బేస్‌బాల్ జట్టులో అవుట్‌ఫీల్డ్ (బేస్‌ల వెనకున్న పెద్ద మైదానం) ఆడుతుంటే, స్టాండ్స్‌లో కూర్చుని "ఇదంతా చివరికి ఎక్కడ తేలుతుంది?" అని లోలోపల లెక్కలు వేసుకునే అమ్మానాన్నల కోసం రాస్తున్నాను. మెడికల్ స్కూల్‌కి ఏ ఏడాది ఏ పరీక్ష రాయాలో చెప్పేవాళ్ళు మనకు వీధికి నలుగురున్నారు. ఈ దారి చెప్పేవాళ్ళు మాత్రం దొరకరు.

దారి కొత్తదేమీ కాదు. 1965లో మేజర్ లీగ్ బేస్‌బాల్ మొట్టమొదటి డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమం) జరిగినప్పుడు, అందులో మొట్టమొదట పిలిచిన పేరు రిక్ మండే. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ అవుట్‌ఫీల్డర్. కాన్సాస్ సిటీ అథ్లెటిక్స్ తీసుకుంది, మేజర్స్‌లో 19 సీజన్లు ఆడాడు. మన మూలాలున్నవాళ్ళూ ఈ మధ్య పైకొస్తున్నారు. భారతీయ తల్లిదండ్రుల బిడ్డ అర్జున్ నిమ్మలను 2023లో ఫ్లోరిడా హైస్కూల్ నుంచే టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండ్‌లో, 20వ ఆటగాడిగా ఎంచుకుంది. తల్లి వైపు భారతీయుడైన కుమార్ రాకర్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ఆడి టెక్సాస్ రేంజర్స్‌కి చేరాడు. అయితే నిమ్మల షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్), రాకర్ పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు). అవుట్‌ఫీల్డర్ లెక్క వేరు. అది చివరికి బ్యాట్ దగ్గరే తేలుతుంది. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు క్యాలెండర్ అర్థం చేసుకోండి

డ్రాఫ్ట్‌లో 30 జట్లు వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. ఏ జట్టుకు వెళ్ళాలో ఆటగాడి చేతిలో ఉండదు. ఒకప్పుడు 40 రౌండ్లు, 2021 నుంచి 20 రౌండ్లే. ఏటా జూలైలో, ఆల్‌స్టార్ ఆట జరిగే రోజుల్లోనే పెడతారు.

హైస్కూల్ పూర్తి కాగానే అబ్బాయికి ఒకసారి అర్హత ఉంటుంది. అప్పుడు సంతకం చేయకుండా నాలుగేళ్ళ కాలేజీలో చేరితే, మూడో ఏడాది పూర్తయ్యేదాకా లేదా 21 ఏళ్ళు నిండేదాకా మళ్ళీ అర్హత రాదు. రెండేళ్ళ జూనియర్ కాలేజీ, అంటే ఆటగాళ్ళు జూకో అనేది, అందులో చేరితే ఏటా అర్హుడే. పుట్టినరోజు ముందుగా వచ్చే పిల్లలు కొందరు రెండో ఏడాదికే 21 దాటి డ్రాఫ్ట్‌లోకి వస్తారు. మీవాడు అలా వస్తాడేమో కోచ్‌ని ముందే అడగండి.

మూడో ఏడాది చివర వచ్చే జూలై అన్నిటికన్నా ముఖ్యం. ఆ వేసవిలో ఇవ్వజూపిన డబ్బు నచ్చకపోతే "నేను నాలుగో ఏడాదికి కాలేజీకే వెళ్ళిపోతాను" అనగలడు. ఏడాది తర్వాత ఆ మాటకు బలం ఉండదు. ఆ సంగతి జట్లకు మనకన్నా బాగా తెలుసు. కాబట్టి ఆ జూలై నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. డ్రాఫ్ట్ పౌరసత్వం చూడదు. అమెరికాలో చదువుతున్నవాడు ఏ దేశస్థుడైనా అందులోకే వస్తాడు. కానీ వీసా వేరే సమస్య. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు 21 నిండగానే ఆ హోదా పోతుందని మీకు చెప్పనక్కర్లేదు. సరిగ్గా అదే వయసులో డ్రాఫ్ట్ కూడా వచ్చి కూర్చుంటుంది. ఎఫ్-1లోకి మారినవాడు చదువు మానేసి జీతానికి ఆడాలంటే వేరే వీసా కావాలి. మామూలుగా అది పీ-1. 2006లో వచ్చిన చట్టం వల్ల మైనర్ లీగ్ (మేజర్స్‌కి కింది స్థాయి) ఆటగాళ్ళకు కూడా అది దొరుకుతోంది. పేరు, బొమ్మ వాడుకున్నందుకు కాలేజీ ఆటగాళ్ళకు వచ్చే ఎన్ఐఎల్ డబ్బు కూడా ఎఫ్-1 వాళ్ళు ముట్టుకునే ముందు లాయర్‌ని అడగాల్సిందే. గ్రీన్‌కార్డ్ లైన్లో ఉన్న ఇళ్ళు ఈ పని రెండో ఏడాదిలోనే మొదలుపెట్టాలి.

2. కాలేజీ పేరు కన్నా, అక్కడ ఎన్నిసార్లు బ్యాట్ పట్టుకుంటాడో చూడండి

మనవాళ్ళకు ర్యాంకింగ్ పిచ్చి ఉంది. దాన్ని ఇక్కడ కాస్త పక్కన పెట్టండి. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో పెద్ద పేరున్న కాలేజీ బెంచి మీద కూర్చున్న అవుట్‌ఫీల్డర్‌ని, ప్రొఫెషనల్ జట్ల తరఫున ఆటగాళ్ళను వెతికే ఏ స్కౌటూ చూడలేడు. చిన్న కాలేజీలో రోజూ సెంటర్ ఫీల్డ్ ఆడి, నాలుగేసి సార్లు బ్యాటింగ్‌కి వచ్చేవాడిని చూస్తాడు.

పైగా లెక్కలు మారాయి. డివిజన్ వన్ బేస్‌బాల్‌లో చాలాకాలం జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం (కాలేజీ ఆటగాళ్ళు వేసిన దావాలో రాజీ) తర్వాత, దానికి ఒప్పుకున్న కాలేజీల్లో ఆ పరిమితి పోయింది. బదులుగా జట్టు 34 మందికి మించకూడదన్నారు. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి 22, 23 ఏళ్ళ అనుభవజ్ఞులు వస్తున్నారు. 18 ఏళ్ళ కుర్రాడికి మిగిలే చోటు తగ్గింది. కోచ్‌ని కలిసినప్పుడు "మీకిప్పుడు అవుట్‌ఫీల్డర్లు ఎంతమంది? వచ్చే ఏడాది ఎవరు వెళ్ళిపోతున్నారు? పోర్టల్ నుంచి ఇంకెవరినైనా తెస్తున్నారా?" అని మొహమాటం లేకుండా అడగండి. సూటిగా జవాబివ్వని కోచ్ నుంచి మీకు రావాల్సిన జవాబు వచ్చేసినట్టే.

బెంచి మీద ఒక ఏడాది గడిచిందని గాభరా పడక్కర్లేదు. వ్యాట్ లాంగ్‌ఫర్డ్ ఫ్లోరిడా యూనివర్సిటీలో మొదటి ఏడాది దాదాపు ఆడనే లేదు. 2022లో చోటు దొరకగానే 26 హోమ్ రన్లు కొట్టాడు. 2023లో రేంజర్స్ నాలుగో ఆటగాడిగా తీసుకుంది. 2024 సీజన్ తొలిరోజే మేజర్స్‌లో ఆడాడు. బ్రెట్ గార్డ్‌నర్ కాలేజ్ ఆఫ్ చార్ల్స్‌టన్‌లో స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా చేరినవాడు. 2005లో మూడో రౌండ్‌లో యాంకీస్ తీసుకుంది, ఆ ఒక్క జట్టుకే 14 సీజన్లు ఆడాడు. కానీ రెండేళ్ళు వరసగా బెంచి మీదే ఉంటే మాత్రం జూకోకో, మరో కాలేజీకో మారే ఆలోచన చేయాలి. జూకో అంటే చిన్నచూపు వద్దు. బ్రైస్ హార్పర్ సదరన్ నెవాడాలో రెండేళ్ళ కాలేజీలో ఆడే 2010లో మొత్తం డ్రాఫ్ట్‌కే మొదటివాడయ్యాడు. అక్కడ ప్రధానంగా క్యాచర్, డ్రాఫ్ట్ రోజున వాషింగ్టన్ నేషనల్స్ అతణ్ణి అవుట్‌ఫీల్డర్‌గా ప్రకటించింది. అతనిలాంటివాళ్ళు తరానికొకరు, నిజమే. నేను చెప్పేది దారి గురించి.

3. వాడు నిలబడే చోటు ఏది?

అవుట్‌ఫీల్డ్‌లో మూడు చోట్లు, మూడు ధరలు. సెంటర్ ఫీల్డర్‌కి వేగం కావాలి, పక్కవాళ్ళిద్దరినీ నడిపించాలి. రైట్ ఫీల్డర్‌కి చెయ్యి కావాలి, ఎందుకంటే మూడో బేస్‌కి అత్యంత దూరపు విసురు అతనిదే. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఈ రెండూ కొంచెం తక్కువున్నా సర్దుకుపోతారు. అందుకు బదులుగా బ్యాట్‌తో రెట్టింపు రాబడతారు.

కాబట్టి నా సలహా, వీలైనంత కాలం సెంటర్‌లోనే ఉండమనండి. సెంటర్ నుంచి పక్కకు జరపడం ఎవరైనా చేస్తారు. పక్క నుంచి సెంటర్‌కి తెచ్చేవాళ్ళు అరుదు. ఆరడుగుల ఏడంగుళాల ఆరన్ జడ్జ్ కూడా 2022లో చాలా మ్యాచ్‌లు సెంటర్‌లో ఆడాడు. సెంటర్‌కి చాలినంత వేగం లేక, పక్కన నిలబడటానికి చాలినంత బ్యాట్ లేక మధ్యలో చిక్కుకున్నవాణ్ణి స్కౌట్లు ట్వీనర్ అంటారు. వాళ్ళ రిపోర్టులో అంతకన్నా చేటు చేసే మాట తక్కువ.

మీరు వాడి ఆట చూడటానికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. బంతిని చూడకండి. పిచర్ బంతి వదిలే క్షణంలో మీ కళ్ళు మీ అబ్బాయి కాళ్ళ మీద ఉండాలి. మంచి అవుట్‌ఫీల్డర్ బంతి బ్యాట్‌కి చేరే ముందే చిన్నగా ఒక అడుగు ముందుకు వేసి, రెండు పాదాల మీదా బరువు సమంగా పడేట్టు దిగుతాడు. బ్యాట్ శబ్దం వినబడేసరికి ఏ పక్కకైనా బయల్దేరగలిగేలా ఉంటాడు. తల మీదుగా వెళ్ళే బంతికి వెనక్కి అడుగులేసుకుంటూ నడవడు. బంతి ఏ భుజం వైపు వెళ్తుంటే ఆ పక్క కాలు వెనక్కి తీసి, వీపు తిప్పి పరుగెడతాడు. సూటిగా తన మీదికే వచ్చే లైన్ డ్రైవ్ (ఎత్తుకు లేవకుండా దూసుకొచ్చే దెబ్బ) అన్నిటికన్నా కష్టం. అది ముందు పడుతుందో నెత్తి మీదుగా పోతుందో మొదటి అర సెకనులో తెలీదు. అనుభవం లేనివాడు అందుకే గబుక్కున ముందుకు ఉరికి దొరికిపోతాడు.

మేజర్ లీగ్‌లో దీన్ని కెమెరాలతో కొలుస్తారు. బంతి పిచర్ చెయ్యి దాటాక మొదటి మూడు సెకన్లలో ఫీల్డర్ సరైన దిశలో ఎన్ని అడుగులు వెళ్ళాడన్నది లెక్క. మొదటి ఒకటిన్నర సెకను స్పందన, తర్వాతి ఒకటిన్నర వేగం, ఆపైన దారి ఎంత సూటిగా ఉందన్నది. మనం టీవీలో డైవ్ కొట్టి పట్టిన క్యాచ్‌కి చప్పట్లు కొడతాం. మొదటి అడుగు సరిగ్గా పడ్డవాడు చాలాసార్లు అదే బంతిని నిలబడి పట్టుకుంటాడు. కోచ్‌లకు వీడియో రీలు పంపేటప్పుడు డైవ్‌లన్నీ ఏరి పెట్టకండి.

విసురు విషయంలో కూడా అంతే. రెండో బేస్‌లో రన్నర్ ఉండగా అవుట్‌ఫీల్డ్‌లోకి బంతి దొర్లుతూ వచ్చిందనుకోండి. దాని మీదికి పరుగెత్తుకుంటూ వచ్చి, గ్లవ్ ఉన్న వైపు కాలి పక్కన తీసుకుని, ఒక చిన్న గెంతుతో నడుమును హోమ్ ప్లేట్ వైపు తిప్పి వదలాలి. ఆ గెంతును క్రో హాప్ అంటారు. బంతి కటాఫ్ ఆటగాడి (విసురును మధ్యలో అందుకోవడానికి నిలబడే ఫీల్డర్) తల ఎత్తులో వెళ్ళాలి. అతను వదిలేస్తే ఒక్కసారే నేలకు తగిలి క్యాచర్ ఛాతీ దగ్గరికి రావాలి. అందరి నెత్తి మీదుగా ఆకాశానికి విసిరితే స్టాండ్స్‌లో ఓహో అంటారు, వెనక రన్నర్ హాయిగా ఇంకో బేస్ నడుచుకుంటూ వెళ్ళిపోతాడు.

స్కౌట్లు ఆటగాణ్ణి 20 నుంచి 80 వరకు ఉన్న కొలమానంలో వేస్తారు, మేజర్ లీగ్ సగటు 50. కొలిచేవి అయిదు: బ్యాట్‌కి బంతి తగలడం, బలం, పరుగు, చెయ్యి, ఫీల్డింగ్. 60 గజాల పరుగు 6.7 సెకన్ల దగ్గర ఉంటే సగటు కింద లెక్క, 6.5 అంటే తలెత్తి చూస్తారు. బ్యాటింగ్ చేసి మొదటి బేస్ చేరడానికి కుడిచేతివాటం వాడికి 4.3, ఎడమచేతివాటం వాడికి 4.2 సెకన్లు సగటు. మామూలు గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) కొట్టి అవుట్ అయిపోయే పరుగును కూడా స్టాప్‌వాచ్‌తో కొలుస్తారు. సగంలో ఆగిపోయే అలవాటు మీవాడికి ఉంటే ఇవాళే మాన్పించండి.

4. బ్యాట్

షార్ట్‌స్టాప్‌కీ క్యాచర్‌కీ గ్లవ్ బాగుంటే బ్యాట్ కొంచెం తక్కువైనా ఉద్యోగం దొరుకుతుంది. అవుట్‌ఫీల్డర్‌కి ఆ వెసులుబాటు లేదు. ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌ల దగ్గరి చోట్లలో) నిలవలేకపోయిన మంచి బ్యాటర్లందరినీ చివరికి అవుట్‌ఫీల్డ్‌కే పంపుతారు కాబట్టి, మీవాడు పోటీ పడేది తోటి అవుట్‌ఫీల్డర్లతో మాత్రమే కాదు.

కాలేజీలో లోహపు బ్యాట్. 2011 నుంచి బీబీకోర్ అనే ప్రమాణం వచ్చి దాని దూకుడు తగ్గించారు, అయినా కర్రతో పోలిస్తే అది ఎన్నో తప్పులు కాస్తుంది. చేతుల దగ్గర తగిలిన బంతి లోహంతో ఇన్‌ఫీల్డ్ దాటి పడుతుంది, కర్రతో బ్యాట్ రెండు ముక్కలవుతుంది. ప్రొఫెషనల్ అంతా కర్రే. కాబట్టి ప్రాక్టీసులో సగమైనా కర్రతో చేయించండి. ఒక మేపుల్, ఒక యాష్ బ్యాట్ కొనిపెట్టండి. బర్చ్ కూడా బాగుంటుంది.

ఇప్పుడు జట్లు సగటు చూసి మోసపోవు. చాలా డివిజన్ వన్ మైదానాల్లో ట్రాక్‌మ్యాన్ రాడార్ ఉంది. బంతి బ్యాట్ నుంచి ఎంత వేగంతో వెళ్ళింది, ఏ కోణంలో లేచింది, స్ట్రైక్ జోన్ (కొట్టదగ్గ బంతి వచ్చే చోటు) బయటి బంతిని ఎన్నిసార్లు వెంటాడాడు, జోన్ లోపలి బంతిని ఎన్నిసార్లు తప్పాడు అన్నీ జట్ల దగ్గర ఉంటాయి. గంటకు 95 మైళ్ళు దాటితే గట్టి దెబ్బ కింద లెక్క. నా ఉద్దేశంలో తల్లిదండ్రులు చూడాల్సిన అంకె మాత్రం వేరు: స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో అవుటవడం), వాక్‌లు (నాలుగు జోన్ బయటి బంతులను వదిలేసి మొదటి బేస్ దక్కించుకోవడం). రెండూ మ్యాచ్ స్కోరు పట్టిక అయిన బాక్స్ స్కోర్‌లోనే ఉంటాయి. స్ట్రైకౌట్లు వాక్‌లకు మూడు రెట్లు ఉన్న కాలేజీ బ్యాటర్‌ని పైస్థాయి పిచర్లు బతకనివ్వరు.

రెండు రకాలుగా పైకి పోవచ్చు. ఒకటి జడ్జ్ దారి. హైస్కూల్ అయ్యాక 2010లో 31వ రౌండ్‌లో ఓక్లాండ్ పిలిస్తే కాదని ఫ్రెస్నో స్టేట్‌కి వెళ్ళి, మూడేళ్ళు బలం పెంచుకుని 2013లో యాంకీస్‌కి 32వ ఆటగాడయ్యాడు. 2022లో 62 హోమ్ రన్లతో అమెరికన్ లీగ్ రికార్డు అతనిదే. రెండోది స్టీవెన్ క్వాన్ దారి. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి. ఒరెగాన్ స్టేట్ నుంచి 2018లో అయిదో రౌండ్‌లో క్లీవ్‌లాండ్ తీసుకుంది. 2022లో మేజర్స్‌కి వచ్చి మొదటి 116 బంతుల్లో ఒక్కదాన్ని కూడా బ్యాట్ ఊపి తప్పలేదు. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్‌లు వరసగా గెలిచాడు. మన పిల్లల్లో చాలామంది శరీరం క్వాన్‌కి దగ్గర. అయినా ట్రావెల్ బాల్ (ఊళ్ళు తిరిగి టోర్నమెంట్లు ఆడే ప్రైవేటు జట్లు) కోచ్‌లు చెప్పారని ప్రతి బంతినీ గాల్లోకి లేపబోయి, ఉన్న విద్య పోగొట్టుకుంటున్న కుర్రాళ్ళు ప్రతి టోర్నమెంటులోనూ కనబడతారు. వాడి శరీరం ఏ దారిదో దానికే కట్టుబడమనండి.

5. వేసవులు ఇండియా ట్రిప్పులకు కాదు

కాలేజీ సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలై, 56 మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్ మే దాకా సాగుతుంది. ఒమాహాలో కాలేజ్ వరల్డ్ సిరీస్‌కి చేరితే జూన్. ఆ వెంటనే వేసవి లీగులు. వాటిలో పెద్దది మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ లీగ్. పది జట్లు, కర్ర బ్యాట్లు, టికెట్ లేకుండా చూసే చిన్న మైదానాలు. దేశంలో మంచి కాలేజీ పిచర్లంతా అక్కడే ఉంటారు. అందుకే కేప్‌లో కర్రతో కొట్టిన .250 సగటుకు (నాలుగుసార్లకు ఒక హిట్), కాలేజీలో లోహంతో కొట్టిన .350 కన్నా విలువ ఎక్కువ. జడ్జ్ కూడా 2012లో అక్కడ బ్రూస్టర్ జట్టుకు ఆడాడు. ఆటగాళ్ళు స్థానిక కుటుంబాల ఇళ్ళల్లో ఉంటారు. మీవాడు శాకాహారి అయితే ఆ సంగతి ఆ ఇంటావిడకు మీరే ముందు ఫోన్ చేసి చెప్పడం మంచిది. వాడు మొహమాటపడి వేసవంతా పీనట్ బటర్ శాండ్‌విచ్ మీద బతికేస్తాడు.

కేప్‌కి దరఖాస్తు పెట్టి వెళ్ళలేరు, కాలేజీ కోచ్ మాట మీద పిలుస్తారు. ఆ మాట రెండో ఏడాది మొదలయ్యేలోపే కోచ్ చెవిన వేయాలి. అక్కడ దొరక్కపోతే మిడ్‌వెస్ట్‌లో నార్త్‌వుడ్స్ లీగ్ ఉంది. దాదాపు రోజూ మ్యాచ్, రాత్రంతా బస్సు. మైనర్ లీగ్ బతుకు ఎలా ఉంటుందో రుచి చూపిస్తుంది. డ్రాఫ్ట్ అర్హత ఉన్నవాళ్ళ కోసం 2021 నుంచి ఎంఎల్‌బీ డ్రాఫ్ట్ లీగ్ కూడా నడుస్తోంది. విజయవాడలో మేనత్త కూతురి పెళ్ళి జూన్‌లో పడితే మీరొక్కరే వెళ్ళి అక్షింతలు వేసి రండి.

6. స్కౌట్లు, సలహాదారు, ఎంఆర్ఐ

రెండో ఏడాది నుంచి జట్ల తరఫున ప్రశ్నావళులు రావడం మొదలవుతుంది. అన్నీ నింపాలి. తర్వాత ఏరియా స్కౌట్ ఇంటికి రావచ్చు, వీడియో కాల్‌లో మాట్లాడొచ్చు. వాళ్ళు అడిగే అసలు ప్రశ్న ఒక్కటే: ఎంతకు సంతకం పెడతారు? "భగవంతుడి దయ" అనకండి. అంకె చెప్పాలి. అది చాలా ఎక్కువైతే మిమ్మల్ని దాటి వెళ్ళిపోతారు, మరీ తక్కువైతే అంతే ఇస్తారు. ఆ అంకె ముందు ఇంట్లో తేల్చుకోండి. అందులో అబ్బాయి మాటదే పైచేయి కావాలి.

అంకె తేల్చడానికి సలహాదారుగా ఒక ఏజెంటు కావాలి. ఇక్కడే కాలేజీ నిబంధనల ముళ్ళున్నాయి. సలహా తీసుకోవచ్చు గానీ, అర్హత మిగిలి ఉండగా అతను మీ తరఫున జట్లతో బేరమాడితే చిక్కులొస్తాయి. అతని నుంచి భోజనం, టికెట్టు, బ్యాటు ఏదీ ఉచితంగా పుచ్చుకోవద్దు. నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి, ఎవరితోనైనా సంతకం చేసే ముందు కాలేజీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాట రేపు పనికిరాదు.

వైద్య పరీక్షల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కుమార్ రాకర్‌ను 2021లో న్యూయార్క్ మెట్స్ పదో ఆటగాడిగా ఎంచుకుంది. పరీక్షల తర్వాత చేతి మీద అనుమానంతో ఒప్పందమే ఇవ్వలేదు. మరుసటి ఏడాది అతను ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే ఇండిపెండెంట్ (మేజర్ లీగ్ క్లబ్బులతో సంబంధం లేని) జట్టుకు ఆడి, 2022లో రేంజర్స్‌కి మూడో ఆటగాడయ్యాడు. పై నుంచి పడి ఇంకా పైకి లేచాడు, అందరికీ అలా జరగదు. ఆ తర్వాత వచ్చిన నియమం ప్రకారం, లీగ్ జాబితాలోని 300 మందిలో ఉండి డ్రాఫ్ట్‌కి ముందే పరీక్షలు చేయించుకుని వివరాలు ఇచ్చినవాడికి, ఎంచుకున్న జట్టు ఆ స్థానానికి నిర్ణయించిన విలువలో కనీసం 75 శాతం ఇవ్వజూపాలి. అవుట్‌ఫీల్డర్లకు భుజం, తొడ వెనక కండరం, మణికట్టు చూస్తారు. పాత గాయాల కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి ఉంచండి.

7. జూలైలో డబ్బు మాటలు

మొదటి పది రౌండ్లలో ప్రతి స్థానానికీ ఒక విలువ ఉంటుంది, దాన్ని స్లాట్ అంటారు. జట్టు తన స్లాట్లన్నీ కలిపిన మొత్తాన్ని ఎలాగైనా పంచుకోవచ్చు. దాన్ని దాటితే 75 శాతం పన్ను, 5 శాతం మించి దాటితే భవిష్యత్తు డ్రాఫ్ట్ స్థానాలు కూడా పోతాయి. అందుకే తొమ్మిదో, పదో రౌండ్లలో నాలుగో ఏడాది కుర్రాళ్ళను కొన్ని వేల డాలర్లకే తీసుకుని, మిగిలిన డబ్బు పైన పెద్ద పేర్లకు మళ్ళిస్తారు. మీవాడు "పదో రౌండ్!" అని చుట్టాలందరికీ చెప్పుకోవచ్చు గానీ, చెక్కు మీద అంకె కారు కొనడానికి కూడా చాలకపోవచ్చు. పదో రౌండ్ దాటాక 1,50,000 డాలర్ల దాకా ఇచ్చేది ఆ లెక్కలోకి రాదు.

పేరు పిలవకుండానే డ్రాఫ్ట్ ముగిస్తే ఏడుపు వద్దు. కెవిన్ పిల్లార్‌ని 2011లో 32వ రౌండ్‌లో, చాస్ మెకార్మిక్‌ని 2017లో 21వ రౌండ్‌లో తీసుకున్నారు. ఇద్దరూ డివిజన్ టూ కాలేజీ అవుట్‌ఫీల్డర్లు, ఇద్దరూ మేజర్స్‌లో సెంటర్ ఫీల్డ్ ఆడారు. ఇప్పుడా రౌండ్లే లేవు. అలాంటివాళ్ళకు డ్రాఫ్ట్ ముగియగానే ఫోన్లు మొదలవుతాయి. అక్కడా అదే 1,50,000 పరిమితి, చాలామందికి అందులో చిన్న భాగమే వస్తుంది. కానీ ఒక సౌకర్యం ఉంది, ఈసారి జట్టును ఎంచుకునేది మీరు. ఆ సాయంత్రానికి ముందే ఒక కాగితం తయారు చేసుకోండి: ఏ క్లబ్ ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అవుట్‌ఫీల్డర్లను తక్కువ తీసుకుంది, ఎవరి కింది స్థాయిల్లో ఖాళీలున్నాయి. అయిదు వేల డాలర్లు ఎక్కువిచ్చే జట్టు కన్నా రోజూ ఆడించే జట్టు మేలు.

సంతకానికి ముందు ఇంకొకటి. ఆట మానేశాక కాలేజీ పూర్తి చేయడానికి క్లబ్ డబ్బిచ్చే కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్ ఉంది. అది దానంతటది రాదు, ఒప్పందంలో అంకెతో సహా రాయించుకోవాలి. మన ఇళ్ళల్లో డిగ్రీ గురించి జరిగే గొడవలో సగం ఆ ఒక్క పంక్తితో తీరిపోతుంది. బోనస్‌లోంచి పన్నులు, ఏజెంటు వాటా పోతాయని కూడా గుర్తుంచుకోండి.

ఒక హెచ్చరిక. ఈ లెక్కలన్నిటికీ ఆధారమైన మేజర్ లీగ్ కార్మిక ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1. తర్వాత డ్రాఫ్ట్ నియమాలు మారొచ్చు.

8. సంతకం తర్వాత

ముందు అరిజోనాలోనో ఫ్లోరిడాలోనో క్లబ్ శిక్షణ కేంద్రం. ఆపైన నాలుగు మెట్లు: సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్ళకు మొట్టమొదటి యూనియన్ ఒప్పందం వచ్చింది. దాని ప్రకారం ఏడాది కనీస జీతం శిక్షణ కేంద్రంలో 19,800 డాలర్లు, సింగిల్-ఏలో 26,200, డబుల్-ఏలో 30,250, ట్రిపుల్-ఏలో 35,800గా మొదలైంది. అంతకుముందు ఇందులో సగం కూడా వచ్చేది కాదు. ఇల్లు క్లబ్బే చూస్తుంది. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. మేజర్స్‌లో 2026 కనీస జీతం 7,80,000 డాలర్లు. ట్రిపుల్-ఏకీ మేజర్స్‌కీ మధ్య తేడా ఎంతో దీన్నిబట్టే చూడండి.

క్లబ్ అమెరికాలో ఉంచుకోగల మైనర్ లీగ్ ఆటగాళ్ళు 165 మందే. ప్రతి జూలైలో కొత్తవాళ్ళు వస్తే పాతవాళ్ళు వెళ్తారు. పెద్ద బోనస్ తీసుకున్నవాడికి రెండేళ్ళు కొట్టకపోయినా అవకాశాలు వస్తాయి, చిన్న బోనస్ వాడికి రెండు నెలల్లోనే ముగియొచ్చు. అన్యాయమే, కానీ జూలైలో అంకె గురించి అంతగా చెప్పింది ఇందుకే. విడుదల చేస్తే అట్లాంటిక్ లీగ్, అమెరికన్ అసోసియేషన్, ఫ్రాంటియర్ లీగ్ లాంటి ఇండిపెండెంట్ లీగులు ఉన్నాయి. అక్కడినుంచి మళ్ళీ సంతకం చేసేవాళ్ళు ఏటా ఉంటారు.

19 ఏళ్ళు దాటి సంతకం చేసిన కాలేజీ ఆటగాణ్ణి నాలుగు సీజన్ల తర్వాత క్లబ్ తన 40 మంది జాబితాలో (మేజర్స్‌లో ఆడించడానికి అర్హులైనవాళ్ళ పట్టీ) చేర్చుకోవాలి. లేకపోతే డిసెంబరులో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో మరో జట్టు లక్ష డాలర్లు కట్టి తీసుకోవచ్చు, ఏడాదంతా మేజర్స్‌లోనే ఉంచాలన్న షరతుతో. ఏ క్లబ్ దగ్గరైనా నలుగురైదుగురు మంచి అవుట్‌ఫీల్డర్లు ఇరుక్కుని ఉంటారు కాబట్టి జట్టు మారడమే చాలామందికి తలుపు తీస్తుంది. మైక్ యస్త్రెమ్‌స్కీ వాండర్‌బిల్ట్ నుంచి 2013లో 14వ రౌండ్‌లో ఒరియోల్స్‌కి వెళ్ళి, వాళ్ళ మైనర్ జట్లలోనే ఏళ్ళు గడిపాడు. 2019లో జెయింట్స్‌కి మారాక, 28 ఏళ్ళ వయసులో మేజర్స్‌లో తొలి మ్యాచ్ ఆడాడు.

డాలస్ వైపు ఉన్నవాళ్ళకు ఈ జీవితం చూడటానికి దూరం వెళ్ళక్కర్లేదు. మన ఫ్రిస్కోలోనే రేంజర్స్ వారి డబుల్-ఏ జట్టు రఫ్‌రైడర్స్ ఆడుతుంది. రైట్ ఫీల్డ్ గోడ వెనక, నీళ్ళలో తేలుతూ మ్యాచ్ చూసే లేజీ రివర్ కూడా ఉన్న మైదానం. అబ్బాయిని తీసుకుని మ్యాచ్‌కి చాలా ముందుగా, గేట్లు తీయగానే వెళ్ళండి. అవుట్‌ఫీల్డ్ వైపు సీట్లు కొని, నాలుగు ఇన్నింగ్స్ దాకా స్కోరు పట్టించుకోకుండా సెంటర్ ఫీల్డర్ కాళ్ళనే చూడమనండి.